నేల మీద గుడ్డ

అక్క మా ఇంటికి వచ్చిన రోజు ఆమెతో పాటు రిక్షాలోంచి దిగినవి ఒక పెట్టె, ఒక చేతికర్ర, బావ ఫోటో, ఒళ్ళో ఒక కుక్క. పెట్టె మంచం కిందికి పోయింది. కర్రకు ఒక మూల దొరికింది. ఫోటోకు గోడ మీద మేకు దొరికింది. కుక్కను ఎక్కడ సర్దాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

మాది కర్టెన్లూ దుప్పట్లూ అమ్మే కొట్టు. ముందు గదిలో వ్యాపారం, వెనక రెండు గదుల్లో కాపురం, ఆ వెనక చిన్న పెరడు. కొట్టుకూ ఇంటికీ మధ్య తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. నేను ఏ సంగతినైనా లాభమా నష్టమా అని చూసే మనిషిని. అక్కను తెచ్చుకునేటప్పుడు కూడా చూశాను. బావ పోయాక ఆమె మేడ మీద ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆ మెట్ల మీదే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకోసారి పడితే మళ్ళీ నడవదని డాక్టరు చెప్పాడు. అక్కడే ఉంచితే నా ప్రాణం రోజూ ఆ మెట్లెక్కి దిగుతూ ఉంటుంది. ఇక్కడైతే ఒక మంచం, ఒక కంచం. ఏది చవకో ఆలోచించనక్కరలేదు.

కుక్క మాత్రం నా లెక్కలో లేదు. దాని పేరు బొత్తాం. ముక్కు కోటు బొత్తాంలా నల్లగా గుండ్రంగా ఉంటుందని బావ పెట్టిన పేరు. పిల్లికి కాస్త ఎక్కువ, కుక్కకు బాగా తక్కువ. అక్క ఇంట్లో మేడ మీద వరండా ఉండేది. దానికి కావలసినవన్నీ అక్కడే జరిగిపోయేవి, నీళ్ళు కొడితే కొట్టుకుపోయేవి. మా ఇంట్లో వరండా లేదు. పెరట్లోకి దిగడానికి అక్కకు కాలు సాగదు. పైగా వాళ్ళు వచ్చిన వారమంతా వాన.

"మూల పాత పేపర్లు పరుద్దామండీ," అంది నా భార్య.

"పేపర్లు పొట్లాలకు పనికొస్తాయి. కట్‌పీసులు గుట్టలుగా పడున్నాయి కదా, అవి వెయ్యి," అన్నాను.

గుడ్డ తాను చివర మిగిలే జానెడు మూరెడు ముక్కలు. ఎవరూ కొనరు, పారెయ్యడానికి చెయ్యి రాదు. వాటికి ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికిందని లోలోపల సంతోషించాను కూడా. నా భార్య ముక్కలు కత్తిరించి ఇచ్చింది, అక్క వంటింటి మూల పరిచింది. కుక్క దాని మీద పని కానిచ్చినప్పుడల్లా అక్క దాని తల నిమిరి, "నా బంగారు తల్లే" అని ఒక బిస్కెట్టు పెట్టేది. వారం తిరక్కుండా అది నేర్చేసుకుంది.

"చూశావురా, ఎంత బుద్ధిమంతురాలో. నీకు ఇంత తొందరగా రాలేదు. అమ్మ ఎన్ని చాపలు ఎండేసిందో నాకు గుర్తుంది," అంది అక్క.

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇద్దరూ కలిసి నవ్వడం ఆ నెలలో అదే చివరిసారి.

వాన వెలిసింది, కష్టాలు మొదలయ్యాయి. ముందు గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా తడిసింది. తర్వాత స్నానాల గది ముందు పట్టా. ఇస్త్రీకి మడిచి నేల మీద పెట్టిన దుప్పట్లు. నేను పడుకుని లేచిన జంపఖానా, ఇంకా నా ఒంటి వేడి ఆరకముందే. వంటింటి మూల ముక్క మీదా వెళ్ళేది, మిగతా చోట్లా వెళ్ళేది. నా భార్య ఉతికింది ఉతుకుతూ ఉంది, ఆరేసింది ఆరేస్తూ ఉంది. చేతులు నానిపోయి వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. అక్క లేచి సాయం చెయ్యబోతే, "మీరు కూర్చోండి వదినా, మీరు పడితే అదొక పని," అనేది. అన్నది మంచికే. వినేవాళ్ళకు మంచిగా వినపడేది కాదు.

పక్క కొట్టు టైలరు సలహా ఇచ్చాడు. "ముక్కు పట్టుకుని దాంట్లో రుద్ది, వీపు మీద ఒకటి చరవండి. జన్మలో మళ్ళీ చెయ్యదు."

అలాగే చేశాను. ఆ తర్వాత అది నా ఎదుట ఎప్పుడూ చెయ్యలేదు. మంచం కింద, బీరువా వెనక, నా కంట పడని చోట చూసుకుని చేసింది. తనిఖీ ఆయన వచ్చినప్పుడు మాత్రం తూకం సరిగ్గా వేసే కొట్టువాడి బుద్ధి దానికి నేనే నేర్పినట్టయింది. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దీనికి తోడు అరుపు ఒకటి. కొట్లోకి ఎవరు అడుగుపెట్టినా వెనక గదిలోంచి మొరిగేది. ఆ వెంటనే బిస్కెట్ల డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించేది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మొరుగుడు, మళ్ళీ మూత.

"అక్కా, అరిచినప్పుడల్లా పెడుతున్నావు. గట్టిగా గొడవ చేసినవాడికే ధర తగ్గిస్తూ పోతే రేపు కొట్లో అందరూ గొడవే చేస్తారు," అన్నాను.

అక్క డబ్బా మూత పెట్టి, దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "నేను మెట్ల మీద పడ్డ రోజు నీకు తెలుసు కదరా. లేవలేను, కేక వెయ్యడానికి గొంతు రాలేదు. కింది వాటావాళ్ళు విని వచ్చేదాకా ఇది అరుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది దీనికి. అప్పటినుంచీ ఇది అరిస్తే నోరుముయ్యి అనడానికి నాకు నోరు రాదు."

నేను లేచి కొట్లోకి వెళ్ళిపోయాను.

అసలు దెబ్బ లాడ్జి యజమానురాలు వచ్చిన రోజు తగిలింది. ఆమె తన లాడ్జి గదులన్నిటికీ కర్టెన్లు మార్చాలనుకుంటోంది. అలాంటి బేరం ఏడాదికొకటి వస్తే అదృష్టం. కర్టెన్ గుడ్డను చేతిలో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. పరిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడాలి. అందుకే నాన్న కాలం నుంచీ మా కొట్లో తాను తీసి నేల మీద దొర్లిస్తాం. గుడ్డ దొర్లుతూ పోతుంటే కొనేవాళ్ళ చూపు దాని వెంటే పోతుంది. సగం బేరం అక్కడే తెగుతుంది.

"ఉతికితే రంగు నిలుస్తుందా?" అని ఆమె అడిగింది.

"రంగు పోతే మీరు రానక్కరలేదు, నేనే వచ్చి వెనక్కి తీసుకుంటాను," అని లేత నీలం తాను ఆమె కాళ్ళ దాకా దొర్లించాను. బొత్తాం లోపలి నుంచి తోక ఊపుకుంటూ వచ్చింది. ఎవరినీ చూడలేదు, అరవలేదు. తిన్నగా ఆ గుడ్డ నడిమధ్యకు నడిచి, గుండ్రంగా ఒకసారి తిరిగి, కూర్చుంది. పని అయ్యాక మెచ్చుకోలు కోసం మా ముఖాల్లోకి చూసింది.

లాడ్జి యజమానురాలు చెప్పులు వెనక్కి జరుపుకుంది. "ఇంత వెంటనే ఉతికి చూపిస్తారనుకోలేదండీ," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా భార్య కంచంలోకి చూస్తూ చెప్పింది. "మన దగ్గర పరదాలు కొనే కోళ్ళఫారం ఆయన ఉన్నాడు కదా. కాపలాకు కుక్క కావాలంటున్నాడు. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"అది కోళ్ళకు కాపలానా? కోడి తంతే పడిపోతుంది," అన్నాను.

"పడిపోతే లేస్తుంది. నా వల్ల కావడం లేదండీ."

అక్క చెయ్యి కడుక్కుంది. "దాన్ని పంపిస్తే నన్ను పంపించినట్టే. నా ఇల్లు నాకుంది. తాళం నా దగ్గరే ఉంది."

ఆ ఇంటికి ఉన్న మెట్లు మా ముగ్గురికీ తెలుసు. ఇటు చూస్తే భార్య చేతులు, అటు చూస్తే అక్క తుంటి. మధ్యలో గుప్పెడంత కుక్క. దానికి బుద్ధి వస్తే అక్క ఉంటుంది, రాకపోతే పోతుంది. ఆ బుద్ధి నేర్పే పని నా తల మీదికి వచ్చింది.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రోగమేమీ లేదన్నాడు. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే, ఆడుకున్న తర్వాత బయటికి తీసుకెళ్ళమన్నాడు. బయట చేస్తే అక్కడే ఆ క్షణానే మెచ్చుకోవాలి, లోపల చేస్తే తిట్టకుండా శుభ్రంగా వాసన పోయేలా కడగాలి, కొట్టడం దండగ అన్నాడు. వినడానికి సులువుగానే ఉంది. కొట్టు తెరవకముందు, మూశాక, మధ్యలో గిరాకీ లేనప్పుడు దాన్ని చంకనేసుకుని పెరట్లోకి దిగేవాణ్ణి. గడ్డి మీద వదిలేవాణ్ణి. అది నా వంక చూసేది, నేను దాని వంక చూసేవాణ్ణి. ఎవరు ముందు విసిగిపోతారో పందెం కాసినట్టు నిలబడేవాళ్ళం. ప్రతిసారీ నేనే ఓడేవాణ్ణి. లోపలికి రాగానే గుమ్మం పట్టా మీద కూర్చునేది.

"మొండిది," అన్నాను.

"ముసలిదాని పెంపకం, అను," అంది అక్క మంచం మీది నుంచి.

ఒక పొద్దున్న నేను అలా పెరట్లో పడిగాపులు పడుతుంటే నా భార్య తీగ మీద బట్టలు ఆరేస్తోంది. గాలికి ఒక దిండు గలీబు జారి గడ్డిలో పడింది. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ బొత్తాం ఒక్క పరుగున వెళ్ళి, దాని మీద గుండ్రంగా తిరిగి, కూర్చుంది. నేను చెయ్యెత్తాను.

"ఆగండి," అంది నా భార్య.

ఆమె కాసేపు ఆ తడి గలీబును చూసింది. వంగి తియ్యలేదు. తర్వాత బకెట్లోంచి ఒక తువ్వాలు తీసి, ఇంకో మూల గడ్డి మీద పరిచింది. బొత్తాం అక్కడికీ పరిగెత్తి, వాసన చూసి, లేని చుక్కలు కూడా తెచ్చి పోసింది. నా భార్య ముఖంలోకి చూసి తోక ఊపింది.

"దీనికి రాకపోవడం కాదండీ. మనం నేర్పిందే చేస్తోంది. కట్‌పీసు మీద వెళ్ళమన్నాం. నేల మీద గుడ్డ కనిపిస్తే వెళ్తోంది. అది కర్టెనో తువ్వాలో దానికేం తెలుసు? గడ్డి మీద చెయ్యకూడదేమో అనుకుంటోంది పాపం," అంది.

మా పట్టాలు, జంపఖానా, దుప్పట్లు, లేత నీలం తాను అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. బట్టల కొట్టువాడి ఇంట్లో నేల మీద గుడ్డ లేని చోటెక్కడుంది. పెరట్లో ఇన్నాళ్ళూ అది నా ముఖంలోకి చూసింది గుడ్డ వెయ్యమని.

ఇంకో సంగతి కూడా తట్టింది. నా భార్య చెప్పకపోతే ఈ విషయం ఎవరికీ తెలిసేది కాదు. ఆదివారం ఎంతో దూరం లేదు. నోరు మూసుకుని తువ్వాలు ఉతుక్కుంటే ఆమె అడిగిందే జరిగేది. బేరంలో అవతలివాడికి మేలు చేసే సంగతి నాకొక్కడికే తెలిస్తే నేనైతే చెప్పేవాణ్ణి కాదు.

"అయితే కోళ్ళఫారం ఆయనకు వద్దని చెప్పనా?" అన్నాను.

"కారణం తెలిస్తే నేల ఆరిపోతుందా? ముందు మాన్పించండి," అంది.

నేర్పడం కంటే మాన్పించడం కష్టం. ఇంట్లో నేల మీద గుడ్డన్నది లేకుండా చేశాం. పట్టాలు ఎత్తేశాం. స్నానాల గది ముందు మాత్రం ఖాళీగా వదిలితే అక్క జారుతుందని రబ్బరు పట్టా తెచ్చి వేసింది నా భార్య. కొట్లో పొడవాటి బల్ల వేయించి తాన్లు దాని మీద పరచడం మొదలుపెట్టాను. బల్ల మీద గుడ్డ దొర్లదు, ఈడ్చాలి. పాత గిరాకీలు "ఇదేంటి, శవానికి కప్పినట్టు" అని నవ్వారు. నేనూ నవ్వాను. భుజాలు లాగేసేవి.

ఇక పెరట్లో నా ఉపాయం ఒకటి. చేటంత కట్‌పీసు తీసుకెళ్ళి గడ్డి మీద వేశాను. చేసింది. అక్కడే బిస్కెట్టు పెట్టాను. మర్నాడు అదే గుడ్డ అంచు కాస్త కత్తిరించి వేశాను. ఆ తర్వాత ఇంకాస్త. కొనేవాడికి తెలియకుండా సబ్బు బిళ్ళ ఏటేటా చిక్కిపోతుందే, అలాగ. చేటంతది పళ్ళెమంత అయింది, పళ్ళెమంతది జేబురుమాలంత అయింది. గుడ్డ చిన్నదవుతున్నకొద్దీ దానికి గురి తప్పి సగం గడ్డి మీద పడేది. సరిగ్గా నాకు కావలసిందీ అదే.

అరుపు సంగతి అక్కే చూసుకుంది. అరవగానే కాకుండా, అరిచి ఊరుకున్నాక బిస్కెట్టు ఇవ్వమన్నాను. "అరిచినందుకు కాదు, చెప్పి ఊరుకున్నందుకు అన్నమాట. అది నాకు ఇష్టమే," అని ఒప్పుకుంది. పూర్తిగా తగ్గలేదు. కానీ గిరాకీతో మాట్లాడే సందు దొరికింది.

అంతా దారిన పడుతున్నట్టే ఉంది. శనివారం నా భార్య వాళ్ళ చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. కొట్లో ఉన్న నాకే వినిపించింది, పక్క గదిలో ఉన్న అక్కకు వినిపించకుండా ఉంటుందా. "ఏముందే, పొద్దున లేస్తే ఇద్దరికీ చాకిరీ. ఒకరిని లేవదీయాలి, ఒకదాన్ని బయటికి తీసుకెళ్ళాలి. నాకెవరు చేస్తారో చూడాలి," అంది. అలసిపోయిన మనిషి అనే మాటే అది. నేనైతే కొట్లో కూర్చుని రోజూ అంతకంటే ఎక్కువే అనుకుంటాను, పైకి అననంతే.

బిస్కెట్ల డబ్బా ఆ సాయంత్రం తెరుచుకోలేదు.

ఆదివారం పొద్దున అక్క స్నానం చేసి, తల దువ్వుకుని, మంచం మీద కూర్చుని ఉంది. పెట్టె మోయలేననుకుందో ఏమో, కట్టుకునే బట్టలన్నీ ఒక పెద్ద గుడ్డసంచిలో కుక్కి గుమ్మం దగ్గర నేల మీద పెట్టుకుంది.

"ఏంటక్కా ఇది?"

"రిక్షా పిలువురా. కోళ్ళాయనకు కుక్క లేదని చెప్పు. నాదీ దానిదీ మా ఇంట్లో మేం చూసుకుంటాం."

"ఆ మెట్లు ఎలా ఎక్కుతావు?"

"కూర్చుని ఎక్కుతాను. ఒక్కో మెట్టు. నాకేం తొందర పని ఉందని?"

నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. సంచిని చూసింది, నన్ను చూసింది. ఏం జరిగిందో ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. "వదినా," అంది.

"నువ్వు తప్పేం అనలేదమ్మాయ్. ఉన్నదే అన్నావు. ఉన్నది విన్నాక కూర్చోవడం నా వల్ల కాదు," అంది అక్క నెమ్మదిగా.

అప్పుడే కోళ్ళఫారం ఆయన గంప పట్టుకుని కొట్లోకి వచ్చి, "ఏదండీ మన శాల్తీ?" అని గట్టిగా పిలిచాడు. బొత్తాం అటు చూసి మొరిగింది. ఎవరూ దాని వంక చూడలేదు. కొత్త మనిషి గొంతు, ఇంట్లో అందరూ నిలబడి ఉండడం, ఎవరూ కదలకపోవడం, దానికి కాలు నిలవలేదు. గుమ్మం దాకా పోయింది, వెనక్కి వచ్చింది. నేల మీద కనిపించిన ఒకే ఒక్క గుడ్డ ఆ సంచి. దాని మీదికి ఎక్కింది, గుండ్రంగా తిరిగింది.

నేను అందుకోబోయేలోగా అయిపోయింది. అడుగు దాకా దిగింది. అక్కకున్న చీరలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి.

నా భార్య ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండు వారాలు దాన్ని చంకనేసుకుని పెరట్లో నిలబడ్డదీ, బల్ల మీద తాన్లు ఈడ్చిందీ, అంతా నీళ్ళపాలే అనుకున్నాను.

నా భార్య వంగి సంచి ఎత్తింది. అడుగు నుంచి కారుతోంది. దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని అక్క వైపు తిరిగింది.

"కింద ఎవరు పెట్టమన్నారు వదినా? దానికి తెలిసింది అది చేసింది. సంచి మంచం మీద పెట్టుకుంటే ఏం పోయింది?" అని కసిరింది. కుక్కను ఒక్క మాట అనలేదు.

"తొందరలో పెట్టాను," అంది అక్క.

"తొందరెందుకు? ఏ మెట్లకు అంత తొందర? ఇప్పుడేం కట్టుకుని వెళ్తారు?"

అక్క ఒంటి మీది చీర కొంగు చూసుకుంది.

"ఇవి ఉతకాలి, ఆరాలి. అందాకా కూర్చోండి. నిన్న నేనన్నది చాకిరీ గురించి, మీ గురించి కాదు. కాదని కూడా చెప్పలేను. ఒళ్ళు అలిసినప్పుడు ఎవరి గురించో తెలియదు. మీరు నా గురించి ఇంతకంటే ఎక్కువే అనుకుని ఉంటారు."

"అనుకున్నాను," అంది అక్క.

"మరింకేం."

నా భార్య కొట్లోకి వెళ్ళి, కారుతున్న సంచి చేతిలో ఉండగానే కోళ్ళఫారం ఆయనతో, "కుక్కను ఇవ్వడం లేదండీ. ఇది మీకు పనికొచ్చేది కాదు. మీ గుడ్ల గంపలో గుడ్డ పరిచి ఉంటే ఇంకా కష్టం," అంది. ఆయన సంచినీ, గంపనూ మార్చి మార్చి చూసి, ఊరికే తిప్పారని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను బొత్తాంను చంకనేసుకుని పెరట్లోకి దిగాను. జేబులో రుమాలంత కట్‌పీసు ఉంది. దాన్ని కత్తిరించడం మానేసి రేపు మళ్ళీ పళ్ళెమంత ముక్కతో మొదలుపెట్టాలేమో తెలియదు. నా భార్య కుళాయి కింద చీరలు జాడిస్తోంది. అక్క చేతికర్ర పట్టుకుని, ఇన్నాళ్ళూ దిగని గుమ్మం దాకా వచ్చి, గడప మీద కూర్చుంది.

"ఆ ఆకుపచ్చది రంగు దిగుతుంది అమ్మాయ్, విడిగా పెట్టు."

"పెడతాను వదినా."

"పిండకు, దులిపి వెయ్యి."

"వేస్తాను. మీరు అక్కడినుంచి లేవకండి."

తీగ మీద అప్పటికే దుప్పట్లు ఉన్నాయి. వాటిని పక్కకు జరిపి చోటు చేశాను. ఆకాశం నిండా మబ్బు కమ్మింది, గాలి లేదు. ఆ చీరలు ఇవాళ ఆరవు. చూడబోతే రేపు కూడా ఆరేలా లేవు.